నలుసుకు పేరు పెడితే సరిపోదు

ఈ మధ్య మా నరసరావుపేటలో ఒక కాలేజీవాళ్ళు పిలిచి, మందుల కంపెనీల్లో చేరబోయే పిల్లలకు నా ఉద్యోగం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. గంటసేపు చెప్పాను. చివర్లో ఒక అమ్మాయి లేచి, "మేడమ్, నలుసు ఫలానాదని సాఫ్ట్‌వేర్‌లో ఎంత పర్సెంట్ మ్యాచ్ వస్తే రిపోర్టు రాసేయొచ్చు?" అని అడిగింది. పక్కనున్న లెక్చరర్ చాలా మంచి ప్రశ్న అన్నట్టు తల ఊపాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పిల్లను ఏమీ అనలేదు, అనాల్సింది నేర్పినవాళ్ళను. ఇంటికొచ్చాక కూడా ఆ మంట చల్లారక ఇది రాస్తున్నాను.

నాకు కప్పిన శాలువాలు, ఆడిటర్లు వచ్చినప్పుడు పెట్టిన జీడిపప్పు ప్లేట్లు, ఏ ఏడు ఏ గ్రేడుకి ఎక్కాను అన్న సోది ఇందులో ఉండదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకు నిజంగా బుద్ధి చెప్పినవి రెండే సంగతులు. ఒకటి ఒక మేనేజరు తెలివితక్కువతనం. రెండోది నాది. మేనేజర్లను తిట్టి నా సంగతి దాచుకుంటే నేనూ వాళ్ళలో ఒకదాన్నే అవుతాను కాబట్టి రెండూ చెబుతాను.

పని ఏమిటంటే

ఇంజెక్షన్ మందు పోసే చిన్న గాజు సీసాను మేము వయల్ అంటాం. అందులో కంటికి కనిపించే నలుసు ఏదీ ఉండకూడదు. ఉంటే అది ఏమిటో, ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చాలి. ఆ తేల్చే మనిషిని నేను. మందును సన్నటి ఫిల్టర్ మీద వడగట్టి, మిగిలిన నలుసును మైక్రోస్కోప్ కింద వెతికి పట్టుకుని, సూది మొనతో ఎత్తి, స్లైడు మీద నూనె చుక్కలో వేసి చూడాలి. చెయ్యి వణికితే నలుసు పోతుంది, పోతే మళ్ళీ దొరకదు. గదిలో ఫ్యాను పనికిరాదు. కరెంటు పోయి ఏసీ ఆగినప్పుడు ఆ గది ఎట్లా ఉండేదో, రెంటచింతల ఎండ తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు.

మా నాన్నకు నరసరావుపేట బజారులో బట్టల కొట్టు ఉండేది. అచ్చం నూలే అని ఒట్టేసి ఎవరైనా తాను తెస్తే, మాట్లాడకుండా అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల వెలిగించేవాడు. కాగితం కాలిన వాసనొచ్చి బూడిదైతే నూలు. కరిగి గట్టి ముద్ద కడితే టెర్లిన్. ఒట్టేసినవాడి మొహం అప్పుడు చూడాలి. నేను బోటనీ చదివి ఈ ఉద్యోగంలోకి వచ్చినా, నాకు పని నేర్పింది మాత్రం ఆ అగ్గిపుల్లే. చెప్పేవాడి మాట పక్కన పెట్టి పోగును అడగాలని అప్పుడే తెలుసుకున్నాను. పత్తి పోగు లెన్సు కింద మెలి తిరిగిన రిబ్బనులా కనిపిస్తుంది, పాలిస్టరు నున్నటి కడ్డీలా కనిపిస్తుంది. ఈ మాత్రం చూడటానికి మా పెద్దలు లక్షలు పోసి, నలుసును సాఫ్ట్‌వేర్‌లో పోల్చి పేరు చెప్పే ఒక మెషిన్ తెప్పించారు. అది నా చున్నీ పోగును చూసి ఏదో సముద్రపు నాచు అని చెప్పింది. ఆ ప్రింటవుట్‌ను కూడా ఒకాయన ఫైలులో పెట్టాడు.

చూడకముందే తెలిసినవాళ్ళు

మా ఫ్యాక్టరీ పేరు చెప్పను. ఊరి బయట పొలాల మధ్య ఉండేది. ఒకసారి ఒక బ్యాచ్‌లో ఎర్రటి చుక్కలు కనిపించాయి. అప్పటి ప్లాంట్ మేనేజరు హైదరాబాదు నుంచి కొత్తగా వచ్చినవాడు. నా గది గుమ్మంలో నిలబడే తీర్పు చెప్పేశాడు.

"మిరపకాయే మేడమ్. ఈ ఏరియాల ఇంకేముంటది?"

చూసి చెబుతానన్నాను. దానికి చూసేదేముందని నవ్వాడు. నేను మైక్రోస్కోప్ దగ్గర కూర్చునేలోపే ఆయన క్యాంటీన్‌లో పచ్చళ్ళు బంద్ చేయించాడు. మిరప కోతలకు పోయొచ్చే ఆడవాళ్ళ చేతుల వల్లే ఇదంతా అని, డ్యూటీలోకి వచ్చే ప్రతి ఒక్కరి గోళ్ళూ వాసన చూసే ఒక సెక్యూరిటీ గార్డును గేటు దగ్గర పెట్టించాడు. గోళ్ళు వాసన చూసే గార్డు. నేను కల్పించి చెప్పడం లేదు.

మిరప తొక్క అయితే లెన్సు కింద కణాలు పక్కపక్కనే గూళ్ళు కట్టినట్టు కనిపిస్తాయి. ఈ చుక్కల్లో ఒక్క కణం లేదు. సూదితో నొక్కితే అణిగి మళ్ళీ లేచింది. మందు నింపే మెషిన్‌లో ఒక ఎర్ర రబ్బరు వాషరు అరిగి రాలుతోంది. రెండూ పక్కపక్కన పెట్టి ఆయనకు చూపించాను. లెన్సు దగ్గర కన్ను పెట్టి కాసేపు చూసి, "ఓకే, కానీ మిరపకాయ కాదని కూడా చెప్పలేం కదా" అన్నాడు. వాషరు చప్పుడు చేయకుండా మార్చారు. పచ్చళ్ళు మాత్రం ఆయనకు ట్రాన్స్‌ఫర్ అయ్యేదాకా రాలేదు.

ఇట్లాంటివాళ్ళు ప్రతి ఫ్యాక్టరీలో ఉంటారు. వాళ్ళకు నలుసుతో పనిలేదు, నెపం వేయడానికి మనిషి కావాలి. మనిషి దొరికాడంటే ఇక లెన్సులో చూడటం టైం వేస్టు అంటారు. నేను వాళ్ళలాంటిదాన్ని కాదని చాలా ఏళ్ళు మురిసిపోయాను.

కోటేశ్వరమ్మ బల్ల

మందు నింపి మూత బిగించాక ప్రతి వయల్‌నూ ఒక మనిషి కంటితో చూస్తుంది. చీకటి బూత్‌లో దీపం కింద కూర్చుని, సీసాను చిన్నగా తిప్పి, నల్ల అట్ట ముందు కొన్ని క్షణాలు, తెల్ల అట్ట ముందు కొన్ని క్షణాలు పట్టి చూడాలి. రోజంతా అదే పని. వీళ్ళంతా కాంట్రాక్టు ఆడవాళ్ళు, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆటోల్లో వచ్చేవాళ్ళు.

వాళ్ళలో కోటేశ్వరమ్మది నాదెండ్ల వైపు ఒక ఊరు. నలభై దాటిన మనిషి, ఏడో క్లాసు దాకా చదివింది. ఆమె బల్ల మీద పక్కకు తీసేసిన సీసాలు ఎప్పుడూ ఎక్కువే. ప్రొడక్షన్ వాళ్ళకు ఆమెను చూస్తే గిట్టేది కాదు. "లేని నలుసులు ఏరుతుంది" అని ఒకసారి నాకు ఫిర్యాదు చేశారు. ఆమె తీసేసిన ట్రే ఒకటి తెప్పించుకుని అన్నీ వడగట్టి చూశాను. ఖాళీ సీసా ఒక్కటి లేదు. నాకు లెన్సు కింద కానీ దొరకని పోగులు ఆమె ఉత్త కంటితో పట్టింది. ఆ సంగతి ఆమెకు చెబితే, "మరి కళ్ళు పెట్టి చూస్తే కనపడక ఏంజేస్తయ్ మేడమ్" అని తేలిగ్గా తీసేసింది.

ఒక్క మాట రాసి

ఒక ఆసుపత్రి నుంచి ఒక వయల్ వెనక్కి వచ్చింది. అందులో ఏదో మెరుస్తోందని కంప్లైంట్. అప్పటికి ఆ బ్యాచ్ బయటికి వెళ్ళి చాలా నెలలైంది. క్వాలిటీ హెడ్ సుధాకర్ గారు ఫోను చెవి దగ్గర పెట్టుకుని నా వెనకే నిలబడ్డారు. అవతల కస్టమర్ లైన్‌లో ఉన్నాడు.

"ఏంటి మేడమ్ అది, త్వరగా చెప్పండి" అన్నారు.

వడగట్టాను, ఎత్తాను, స్లైడు మీద పెట్టి చూశాను. పారదర్శకంగా ఉంది. వెలుతురును వడగట్టే పోలరైజర్ అద్దాలు రెండు ఒకదానికొకటి అడ్డంగా పెడితే చీకట్లో కలిసిపోయింది. అంటే స్ఫటికం కాదు, ప్లాస్టిక్ పోగు కాదు. గాజు. రిపోర్టులో గాజు అని రాసి సంతకం పెట్టాను. అరగంట కూడా పట్టలేదు. సుధాకర్ గారు మెచ్చుకున్నారు, నాకు బాగానే అనిపించింది.

ఆయన తర్కం ఆయనది. గాజు అంటే లైనులో ఏదో సీసా పగిలింది, ముక్క ఇందులో పడింది. పడితే చూసే మనిషికి కనపడాలి. చూసిందెవరు? ట్రే కార్డు మీద కోటేశ్వరమ్మ నంబరుంది. ఆమెను పిలిపించారు. నేనూ ఆ గదిలోనే ఉన్నాను.

"నేను చూసిన రోజున అందులో ఏం లేదు సార్" అంది కోటేశ్వరమ్మ.

"మరి గాజు నడుచుకుంటూ వచ్చిందా?" అన్నారు సుధాకర్ గారు. గదిలో ఉన్నవాళ్ళు నవ్వారు.

ఆమె ఆయన్ను వదిలేసి నా వైపు తిరిగింది. "మేడమ్, పగిలిన గాజైతే సీసా తిప్పి ఆపంగానే అడుక్కి పోద్ది. అట్టాంటివి నేను చానా ఏరేశా, మీకు తెలుసుగా. ఇది ఎట్టాంటి గాజో సరిగ్గా చూశారా? ఆ సీసా ఒక్కసారి నాకు చూపీండి."

చూపించలేదు. దర్యాప్తులో ఉన్న నమూనా కాంట్రాక్టు మనిషికి చూపించకూడదని రూలుంది. ఆ రూలు నేనే చెప్పాను. పైగా ఇంకో మాట కూడా అన్నాను. "గాజు గాజే కోటేశ్వరమ్మా, అందులో రకాలేముంటాయి" అన్నాను. మైక్రోస్కోప్ ముందు జీవితమంతా కూర్చున్న మనిషి నోటి నుంచి రావలసిన మాటేనా అది?

దర్యాప్తు ఫారంలో మూలకారణం అనే గడిలో 'ఇన్‌స్పెక్టర్ చూపు సరిపోలేదు' అని నింపారు. కంటి డాక్టరు దగ్గరికి పంపింది లేదు, అక్షరాల చార్టు ముందు నిలబెట్టింది లేదు. ఆ గడి కింద నా సంతకమూ ఉంది. ఆమెను తీసేశారు. పేట చుట్టుపక్కల ఫ్యాక్టరీలన్నిటికీ పనివాళ్ళను పంపేది ఒక్కడే కాంట్రాక్టరు. అతని పుస్తకంలో కోటేశ్వరమ్మ పేరు పక్కన 'చూపు లేదు' అని పడింది. ఇక ఆమెకు ఏ ఫ్యాక్టరీలోనూ పని లేదు.

సూదితో తడితే

కొన్ని నెలలకు ఇంకో కంప్లైంట్. అదే మందు, వేరే బ్యాచ్. ఈసారి ట్రే కార్డు మీద ఇంకో ఆమె నంబరుంది. సుధాకర్ గారు ఆ కార్డు చూసి, "ఈమెక్కూడా చూపు లేదా ఏంటి?" అని విసుక్కున్నారు. ఆ మాటతో నాకు ఎక్కడో కలుక్కుమంది.

ప్రతి బ్యాచ్‌లోంచి కొన్ని వయల్స్ మా దగ్గరే బీరువాలో దాచి ఉంచుతాం. కోటేశ్వరమ్మను పంపేసిన బ్యాచ్‌వి తీయించాను. చీకటి బూత్‌లోకి తీసుకెళ్ళి, ఆమె కూర్చునే కుర్చీలోనే కూర్చుని, ఆమె తిప్పినట్టే తిప్పాను. తిప్పిన ప్రతి సీసాలోనూ సన్నటి తళుకులు. అవి అడుక్కి పోలేదు. మందులో తేలుతూ, తిరుగుతూ, ఒకసారి మెరిసి ఒకసారి మాయమవుతూ ఉన్నాయి.

వడగట్టి స్లైడు మీద పెట్టాను. ఈసారి వెనక ఎవరూ నిలబడి లేరు. పైన కప్పిన పల్చటి గాజు బిళ్ళను సూదితో చిన్నగా తట్టాను. తడితే నూనెలో నలుసు దొర్లుతుంది, పక్క నుంచి కనిపిస్తుంది. ఈ పనిలో చేరిన మొదటి వారంలో నేర్పే విషయం ఇది. నలుసు దొర్లింది. దానికి మందం లేదు. ఉల్లిపొరలా పల్చగా, అంచు చుట్టుకుని ఉంది. పగిలిన ముక్క అట్లా ఉండదు, మందంగా, పదునుగా ఉంటుంది. ఇది సీసా లోపలి గోడ నుంచి ఊడిన పొర. మా మందులో క్షారగుణం ఎక్కువ, అది నెలల తరబడి గాజును తినేస్తోంది. అంటే నింపిన రోజున, చూసిన రోజున, లారీ ఎక్కిన రోజున కూడా ఆ సీసాలో ఏమీ లేదు. లేనిదాన్ని చూడలేదని ఒక మనిషిని పంపేశాం.

పెట్టెలోంచి పాత స్లైడు, నేను ఒక్క మాట రాసి సంతకం పెట్టిన స్లైడు, బయటికి తీసి తట్టాను. అదే పొర. ఇన్ని నెలలూ అది ఆ పెట్టెలోనే ఉంది. నాకు సిగ్గేసింది. అక్కడే కూర్చుని కొత్త రిపోర్టు రాశాను.

తీసుకెళ్ళి సుధాకర్ గారి ముందు పెట్టాను.

"అప్పుడూ గాజన్నారు, ఇప్పుడూ గాజంటున్నారు. ఏంటి మేడమ్ తేడా?"

"అప్పుడు చూడకుండా అన్నాను సార్. ఇప్పుడు చూసి అంటున్నాను."

ఆయనకు అర్థం కాలేదని కాదు, కావాలనిపించలేదు. హైదరాబాదులో ఒక ల్యాబుకు పంపి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో చూపించాక ఇక కాదనలేకపోయారు. మార్కెట్‌లో ఉన్న మందు వెనక్కి తెప్పించారు, సీసాల రకం మార్చారు. సమస్యను ఛేదించిన టీముకు అభినందనలని కాన్ఫరెన్స్ హాల్లో కేకు కోశారు. కేకు కోసింది సుధాకర్ గారే.

మూసిన ఫైలు

కోటేశ్వరమ్మ సంగతి ఏంటని అడిగాను. ఆ ఫైలు క్లోజ్ అయిపోయింది కదా అన్నారు. హెచ్ఆర్‌కు వెళితే, ఆమె కాంట్రాక్టు మనిషి, మా పరిధి కాదన్నారు. తప్పుడు మూలకారణం రాసిన ఫైలును తిరిగి తెరిస్తే ఆడిటర్లు అడుగుతారట. కోటి ఫారాలున్న కంపెనీలో, ఒక మనిషి మీద వేసిన నింద తుడవడానికి ఒక్క ఫారం లేదు. కొత్తగా చేరేవాళ్ళు ఇది రాసిపెట్టుకోండి: మీరు రాసే రిపోర్టు నలుసు దగ్గర ఆగదు. గాజు, నూలు, వెంట్రుక అని పేరు పెట్టి ఊరుకుంటే మిగతా వాక్యం మీ పైవాడు తనకు కావలసినట్టు పూర్తి చేసుకుంటాడు. ఎక్కడి నుంచి వచ్చింది, ఎప్పుడు వచ్చింది అనేది తెలిస్తే రాయండి. తెలియకపోతే తెలియదని రాయండి. తెలియదు అన్న మాట మా ఫ్యాక్టరీ రిపోర్టుల్లో నేను ఒక్కసారి కూడా చదవలేదు. అంత తెలివైనవాళ్ళం మేము.

చివరికి ఒక తెల్ల కాగితం తీసుకుని తెలుగులో నేనే రాశాను. కంపెనీ ముద్ర లేదు, నా పేరు, నా ఉద్యోగం, నా సంతకం మాత్రమే. ఆదివారం చిలకలూరిపేట రోడ్డు మీద ఒక మిరప కోల్డ్ స్టోరేజీకి వెళ్ళాను. కోటేశ్వరమ్మ అక్కడ పనిచేస్తోందని ఇదివరకు ఆమెతో పాటు ఫ్యాక్టరీకి ఆటోలో వచ్చిన ఆడవాళ్ళే చెప్పారు. షెడ్డులో ఎర్రటి గుట్టల చుట్టూ ఇరవై మంది దాకా కూర్చుని తాలు కాయలు, అంటే రంగు పోయి తెల్లబడ్డ కాయలు, ఏరుతున్నారు. అందరూ మొహాలకు కొంగులు కట్టుకుని ఉన్నారు. నాకు ఘాటుకు దగ్గు ఆగలేదు.

కోటేశ్వరమ్మ నన్ను చూసింది కానీ లేవలేదు. నేనే వెళ్ళి పక్కన కూర్చుని, జరిగిందంతా చెప్పాను. పొర ఎట్లా ఊడిందో, ఆ రోజు నేను ఏ పని మానేశానో, సూదితో తట్టడం అంటే ఏమిటో కూడా చెప్పాను. కాగితం ఇచ్చాను. ఆమె చదువుకుని తిరిగి నా చేతికే ఇచ్చింది.

"నాకెందుకిది? నా కళ్ళు కనపడతయ్యని నాకు తెలవదా? వీళ్ళందరూ 'గుడ్డిదానా, ఇట్టా రా' అంటన్నారు. వీళ్ళకు చదవండి. కాంట్రాక్టరు అక్కడే ఉన్నాడు, ఆయనకు చదవండి."

కాంట్రాక్టరు తలుపు దగ్గర బస్తాల మీద కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. ఇక్కడికీ ఆడవాళ్ళను పంపేది అతనే. పిలిచాను, వచ్చాడు. నేను లేచి నిలబడి, దగ్గుతూ దగ్గుతూ చదివాను. "కోటేశ్వరమ్మ చూసిన రోజున ఆ సీసాలో ఏ నలుసూ లేదు. ఆమె చూపులో లోపం లేదు. సరిగ్గా చూడకుండా సంతకం పెట్టింది నేను." షెడ్డులో ఏరుతున్న చేతులు ఆగాయి. నవ్వు మాత్రం ఎవరికీ రాలేదు.

"దీనికి కంపెనీ స్టాంపు లేదేంది మేడమ్?" అన్నాడు కాంట్రాక్టరు.

"తీసేసిన రోజున నా సంతకం చాలింది. ఇప్పుడెందుకు చాలదు?"

అతను నసిగాడు. చివరికి జేబులోంచి పెన్ను తీసి పుస్తకంలో ఆ రెండు మాటలూ నేను చూస్తుండగానే కొట్టేశాడు. సోమవారం ఇంకో ఫ్యాక్టరీలో చూపు పనికి ఇద్దరు కావాలన్నారని, రమ్మని కోటేశ్వరమ్మతో చెప్పి మళ్ళీ బస్తాల దగ్గరికి పోయాడు.

నాకు కాస్త ఊపిరి వచ్చింది. ఏదో ఒకటి సరిచేశాననే అనుకున్నాను. సెలవు తీసుకుందామని ఆమె వైపు తిరిగాను.

"మేడమ్, నన్ను తీసేసి ఎన్నాళ్ళయింది?" అంది.

"ఏడు నెలలు."

"ఆ సూదితో తట్టి చూడటానికి ఎంతసేపు పడుద్ది?"

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేదు.

"అర నిమిషం" అన్నాను.

కోటేశ్వరమ్మ కాగితం నా చేతిలోంచి తీసుకుని, నాలుగు మడతలు పెట్టి రవికలో దోపుకుని, గుట్ట వైపు తిరిగి మళ్ళీ తాలు కాయలు ఏరడం మొదలుపెట్టింది.